లిస్టులో లేని మాట

నా గొంతును నా చేతులతో నేనే అప్పగించాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక శాలువా, రెండు చొక్కాలు, "మీ గొంతు బంగారం సార్" అన్న ఒక్క మెచ్చుకోలు. ఇంత చవగ్గా ఆ దుకాణంలో కూడా ఏ వస్తువూ ఏనాడూ పోలేదు. తగ్గింపు ధరల దుకాణంవాళ్లకే తగ్గింపు ఇచ్చిన మనిషి ఈ నగరంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పగలు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమస్తాగా పని చేసేవాణ్ణి. అక్కడ నేను నోరు తెరిచేది టిఫిన్ డబ్బా తెరిచినప్పుడే. సాయంత్రమయ్యేసరికి చిక్కడపల్లిలో ఏదో ఒక హాలులో మైకు ముందు నిలబడేవాణ్ణి. సన్మానం, పుస్తకావిష్కరణ, పదవీ విరమణ, సంతాప సభ, ఏదైనా సరే వ్యాఖ్యాతను నేనే. మాది నాలుగు తరాలుగా ఈ పట్నంలోనే ఉన్న కుటుంబం. ఇంట్లో "జర నీళ్లియ్యవా" అని అడిగే నేను, మైకు కనపడగానే దాహార్తి కలిగినవాణ్ణి అయిపోయేవాణ్ణి. "వేదికపై ఆసీనులైన పెద్దలకు, విచ్చేసిన సహృదయులకు" అంటూ ఎత్తుకుంటే, ముందు వరుసలో కూర్చున్న నా భార్య తల వంచుకుని నవ్వుకునేది. ఆ నవ్వు నాకు వినపడేది కాదు. నాకు నా గొంతే వినపడేది.

అలాంటి ఒక సన్మాన సభ ముగిశాక ఒకాయన దగ్గరికొచ్చాడు. చిక్కడపల్లిలో రెండు షట్టర్ల దుకాణం ఆయనది. బకెట్లు, దుప్పట్లు, కుక్కర్లు, చీరలు, పిల్లల గౌన్లు అన్నీ ఒకే కప్పు కింద, బయటి ధర కన్నా తక్కువకు అమ్మేవాడు. అందరూ సేటు అని పిలిచేవారు. దుకాణం పేరు ఇక్కడ రాయను. జీవితంలో చెప్పవలసినన్ని సార్లు ఇప్పటికే చెప్పేశాను.

"నారాయణగూడల ఇంకో బ్రాంచి తెరుస్తున్న సార్. మీ గొంతు ఆటోకు పెట్టి గల్లీ గల్లీ తిప్పుత," అన్నాడు సేటు.

"ఒక ప్రకటన చదవాలి, అంతేగా?" అన్నాను, గొంతు సవరించుకుంటూ.

"అంతే సార్. మళ్ల మళ్ల మిమ్మల్ని పరేషాన్ చెయ్యొద్దని ఒక లిస్టు రాసి పెట్టిన. ఒక్కసారి చెప్పేస్తే అయిపోతది. తర్వాత ఏ ముక్క కావాల్నో మేమే అతికించుకుంటం."

ఆ లిస్టు పదకొండు పేజీలుంది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. నా మీద ఎంత గౌరవం ఉంటే ఇంత రాశాడో అనుకున్నాను.

నారాయణగూడలో ఒక జిరాక్సు షాపు వెనక గదిలో రికార్డింగు. గోడలకు పాత పరుపులు కొట్టారు. కిటికీ లేదు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు రికార్డవుతుందని ఆపేశారు. తలుపు బయటి నుంచి గడియ పెట్టి, రికార్డింగు అతను దానికున్న చిన్న అద్దంలోంచి చెయ్యి ఊపాడు. మొదట నెలలు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా, జనవరి నుంచి డిసెంబరు దాకా. తర్వాత పండుగలు: ఉగాది, రంజాన్, బోనాలు, బతుకమ్మ, దసరా, క్రిస్మస్. తర్వాత ఊళ్లు. ఉన్నవి రెండు దుకాణాలైతే, లిస్టులో అశోక్‌నగర్, నల్లకుంట, గాంధీనగర్‌తో మొదలై మహబూబ్‌నగర్, నల్లగొండ, కరీంనగర్ దాకా ఉన్నాయి. ఆ మనిషి ఆశకు అంతులేదు, నా ఆయాసానికీ లేదు. తర్వాత వస్తువులు. చివరగా అంకెలు: ఐదు శాతం నుంచి తొంభై శాతం దాకా.

"సార్, జర ఊపిరి మెల్లగ తీసుకోండ్రి. గా సప్పుడు గూడ రికార్డయితున్నది," అనేవాడు అతను అద్దం అవతల నుంచి.

ఇరవై శాతం దగ్గర నా గొంతు పొద్దున పూట కోయిల. యాభై దగ్గరికొచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. డెబ్బై అనేటప్పటికి నీళ్ల సీసా ఖాళీ. ఎనభై దాటాక నేను చదువుతున్నానో, వేడుకుంటున్నానో తెలియదు. తొంభై శాతం అన్నది మాత్రం ఆసుపత్రి మంచం మీది నుంచి అన్నట్టే ఉంటుంది.

ఇక్కడితో బయటపడినా బాగుండేది. లిస్టు అయ్యాక నాకే ఉత్సాహం ఆగలేదు. "ఆఖరి రోజు" అని చప్పగా రాశారని, దాన్ని "ఈ రోజే ఆఖరు!" అని మార్చి నాలుగు రకాలుగా చెప్పాను. "ఈ అవకాశం మళ్ళీ రాదు!" అన్నది నా సొంత రచన. "స్టాకు ఉన్నంత వరకే" అన్నదాన్ని మూడుసార్లు చెప్పాను, మూడోసారి కొంచెం వణుకుతో. రికార్డింగు అతను తలుపు తీసి, "పుల్లుగ జాన్ వెట్టి చెప్పిన్రు సార్," అన్నాడు. నిజమే. ప్రాణం అక్కడే పెట్టి వచ్చాను.

మొదటి ఏడాది నేను గాల్లో తేలాను. ఆటో మా సందులోకి రాగానే పని ఉన్నా లేకున్నా బాల్కనీలో నిలబడేవాణ్ణి. "చిక్కడపల్లి, నారాయణగూడ ప్రజలారా! ఇరవై శాతం తగ్గింపు!" అని నా కోయిల కూసేది. పక్క మేడల మీద ఆడవాళ్లు తల తిప్పి చూసేవారు. అశోక్‌నగర్‌లో మూడో దుకాణం తెరిచారు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు హాస్టళ్లలో దిగగానే కావలసిన బకెట్టు, మగ్గు, దిండు, టేబుల్ లైటు అన్నీ అక్కడే. తర్వాత నల్లకుంట. తర్వాత చిక్కడపల్లి దుకాణాన్నే నాలుగంతస్తులు చేసి, నడిచే మెట్లు పెట్టారు. మా వీధి ఆడవాళ్లు కొంగు బిగించి, దేవుణ్ణి తలుచుకుని ఆ మెట్టు ఎక్కి, పైకెళ్లి, కొనకుండా దిగి, మళ్లీ ఎక్కేవారు. ఆ తర్వాత కరీంనగర్, ఆపైన నల్లగొండ. నల్లగొండ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, పొద్దుగాల్నుంచి మీరు మా ఊర్ల తిరుగుతున్నరు. ఇంటికి మాత్రం రారు!"

నా మొదటి దెబ్బ కూరగాయల బండి దగ్గర తగిలింది.

మా సందు మొదట్లో ఒకామె బండి పెడుతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త మేస్త్రీ పనికి పోతాడు, ఈమె తెల్లారగానే మార్కెట్టు నుంచి కూరలు తెచ్చుకుంటుంది. నాతో రోజూ రెండు మాటలు మాట్లాడేది. ఒకరోజు నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమైతది సారూ. నిన్న నువ్వు ఈ రోజే ఆఖరు అన్నవు. నిజమే అనుకొని, పొద్దు పొద్దుగాల గిరాకి ఇడ్సిపెట్టి, కుక్కరు కోసం లైన్ల నిలవడ్డ. ఆకుకూరలన్నీ వాడిపోయినయి. ఇయ్యాల మళ్ల అదే కుక్కరు, అదే మాట. ఇయ్యాల గూడ ఆఖరేనట!"

"అది నేను కాదమ్మా, అంటే, నేనే, కానీ అది ఎప్పుడో..."

"నువ్వు కాకపోతే నీ లోపల ఎవరన్న కిరాయికి ఉంటున్నరా?"

ఆ రోజు నుంచి ఆమె నా మాట నమ్మడం మానేసింది. "ఈ వంకాయలు ముదిరాయి" అంటే, "నువ్వంటున్నవు గాబట్టి లేతయే," అని తూకంలో వేసేది. ఇంట్లోనూ అంతే. టీలో చక్కెర రేపటి నుంచి మానేస్తానని నేనంటే, మా ఆవిడ చెంచాడు వేసి కప్పు ఇస్తూ, "ఏందండి, ఇయ్యాలే ఆఖరా? స్టాకు ఉన్నదిలే, తాగుండ్రి," అనేది.

ఒకసారి నారాయణగూడ చౌరస్తాలో స్కూటరు మీద ఇరుక్కుపోయాను. ముందు ఆ ఆటో. దాని వెనక తిప్పి కట్టిన మైకు హారను, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. ఎడమ పక్క బస్సు, కుడి పక్క డివైడరు, వెనక పట్నమంతా. నేను హెల్మెట్టులో, నా గొంతు హారనులో. "రండి! విచ్చేయండి!" అని నన్ను నేనే పిలుచుకుంటున్నాను, పోవడానికి దారి లేదు. నాలుగుసార్లు సిగ్నలు పడింది. "దుప్పట్లు" అన్న చోట నేను 'ప్ప' ఎంత గట్టిగా పలుకుతానో ఆ రోజే తెలిసింది.

సేటు దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయన గది నాలుగో అంతస్తుకు మారింది. గాజు తలుపు, చల్లటి గాలి.

"సేటూ, ఇక నా గొంతు తీసెయ్యండి. ఇంకెవరితోనైనా చెప్పించుకోండి," అన్నాను.

"అట్లంటే ఎట్ల సార్? మీ గొంతే మన దుకాణం. అది మార్సితే జనం వేరే దుకాణం అనుకుంటరు. మీరు ఇప్పుడు సార్ కాదు, మా బోర్డు!"

"కనీసం ఆ ఆఖరు అన్న మాట..."

"అదే గద సార్ నడిచేది!" అని నవ్వి, టీ తెప్పించి, వెళ్లేటప్పుడు మూడో చొక్కా ఇచ్చాడు. తీసుకున్నాను. సిగ్గుపడవలసిన విషయమే, కాని కొలత సరిపోయింది.

బోర్డును గోడకు కొట్టాక గోడదే. నా సంగతి అంతే అయింది.

అసలు దెబ్బ సంతాప సభలో తగిలింది. మా వీధిలో ఉండే పెద్దాయన, ఎందరికో చదువు చెప్పిన మాస్టారు, పోయారు. ఆయన నాకూ గురువే. మైకు ముందు నిలబడడం నేర్పింది ఆయనే. హాలు నిండిపోయింది. నేను ఏ కాగితమూ రాసుకోలేదు. మనసులోంచే మాట్లాడుదామని నిలబడి, "ఇటువంటి మనిషి మనకు మళ్ళీ దొరకరు," అన్నాను. మళ్ళీ అన్న మాట దగ్గర నా గొంతు దానంతట అదే, ఆ పరుపుల గదిలో నేర్చుకున్న మెట్టు ఎక్కింది. వెనక వరుసలో ఎవరో మెల్లగా, "స్టాకు ఉన్నంత వరకే," అన్నారు. ఒకరు నవ్వు ఆపుకున్నారు, పక్కవాళ్లు ఆపుకోలేకపోయారు. ముందు వరుసలో మాస్టారి కూతురు తల ఎత్తి నన్ను చూసింది. ఆమె నవ్వలేదు. మైకు ఇంకొకరికి ఇచ్చి కూర్చున్నాను.

ఆ తర్వాతి నెల సభల కమిటీ నుంచి ఒక మిత్రుడు ఇంటికి వచ్చాడు. "ఏమనుకోకన్నా. ఈసారి కొత్తోళ్లకు జర చాన్స్ ఇద్దామనుకుంటున్నం," అన్నాడు. "ఇవ్వాల్సిందే," అన్నాను. ఆయన వెళ్లిపోయాక వీధిలో ఆటో వచ్చింది. నాకు మైకు లేని రోజున నా గొంతుకు మాత్రం ఉంది. తలుపులు వేసుకుని, కిటికీలు వేసుకుని, టీవీ పెంచి కూర్చున్నాను. 'ప్ప' వినపడుతూనే ఉంది.

ఇంతలో దుకాణానికి కూడా ఊపిరి ఆడడం మానేసింది. నాకు ఆ సంగతి అందరికన్నా ముందే తెలుసు. ఎందుకంటే అంకెలు పెరుగుతున్నాయి. ఇరవై శాతం అన్న కోయిల పోయి నలభై శాతం అన్న మనిషి వచ్చాడు. జనం ఫోను మీద నొక్కితే బకెట్టు ఇంటికే వస్తున్న రోజులు. యాభై వచ్చింది. నల్లగొండ దుకాణం పోయింది. అరవై వచ్చింది. కరీంనగర్ పోయింది. డెబ్బై శాతం అని నా ఎండిపోయిన నాలుక పలికిన నెలలో నల్లకుంట షట్టరు దిగింది. అశోక్‌నగర్ దుకాణం చదువుకునే పిల్లల రీడింగ్ హాలు అయింది. వాళ్లు బకెట్లు కొన్న చోటే కూర్చుని పుస్తకాలు చదువుకున్నారు. నారాయణగూడ ఫర్నిచరు గోదాము అయింది. తెరిచిన వరుసకు సరిగ్గా తిరగేసి మూశారు. మొదటి దుకాణమే చివరకు మిగిలింది.

ఒకసారి లోపలికి వెళ్లి చూశాను. అరల్లో సరుకు నిండుగా కనపడింది. ఒక డబ్బా తీస్తే వెనక ఏమీ లేదు. ఉన్నదంతా ముందుకు లాగి ఒకే వరుసలో నిలబెట్టారు. నడిచే మెట్లు ఆగిపోయాయి. వాటి మీద మామూలు మెట్ల లాగే ఎక్కుతున్నా, కదులుతాయేమోనని కాలు భయపడుతూనే ఉంది. ఆటో మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ తిరిగేది. "ఎనభై ఐదు శాతం, ఈ రోజే ఆఖరు," అని నా ఆసుపత్రి గొంతు అడుక్కునేది. బోనాలు వెళ్లి బతుకమ్మ వచ్చినా ఆఖరు మాత్రం అయ్యేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున సేటు ఫోన్ చేశాడు. "సార్, ఒక్కసారి దుకాణానికి రాండ్రి. పని పడ్డది."

ఆయన గది మళ్లీ కిందికి వచ్చింది, బిల్లు కౌంటరు పక్కన ప్లాస్టిక్ కుర్చీకి. మనిషి సగమయ్యాడు. నేను పోట్లాడదామని వెళ్లాను, చూశాక ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"ఆదివారానికి ఖాళీ చెయ్యాలె సార్. బిల్డింగాయన తాళం అడుగుతున్నడు. ఉన్న సరుకు పోవాలె. ఈ రోజే ఆఖరు అని పొద్దుగాల్నుంచి తిప్పుతున్న. ఒక్కడు రాలే."

"ఎట్ల వస్తారు? పదేళ్లుగా అంటున్నాం."

"అదే సార్. ఈసారి నిజంగనే ఆఖరు. ముంగట నిజంగా అని ఒక్క మాట అతికిద్దామంటే..." ఆయన సొరుగు లాగి, అంచులు నలిగిన ఆ పదకొండు పేజీలు తీసి నా ముందు పెట్టాడు. "రాత్రంతా వెతికిన. ఆ మాట మన లిస్టుల లేదు సార్."

కాగితాలు తిరగేశాను. ఫాల్గుణం ఉంది. ప్రెషర్ కుక్కరు ఉంది. కరీంనగర్ ఉంది. తొంభై శాతం ఉంది. 'నిజంగా' లేదు. రాసినప్పుడు ఆయనకు అవసరం పడలేదు, చదివినప్పుడు నాకు లోటు కనపడలేదు.

"చెప్తాను," అన్నాను. "కాని ఒక్క మాట కాదు. మొత్తం చెప్తాను. ఏం చెప్పాలో నేనే రాసుకుంటాను."

"మీ ఇష్టం సార్. ఏదన్న చెప్పుండ్రి, జనం వినాలె. అంతే." ఆయన చేతులు జోడించాడు.

అదే జిరాక్సు షాపు, అదే వెనక గది. పరుపులు ఇంకా పాతబడ్డాయి. రికార్డింగు అతనికి జుట్టు నెరిసింది. ఫ్యాను ఆపడానికి చెయ్యి ఎత్తాడు.

"తిరగనియ్యి తమ్మీ. తలుపు గూడ తీసే పెట్టు," అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "సార్, మీరేనా మాట్లాడింది? గొంతు వేరే ఉన్నదేంది?"

ఇంట్లో గొంతు అది. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ గొంతుతోనే చెప్పాను, నిలబడి కాదు, స్టూలు మీద కూర్చుని. ఒక్కసారే చెప్పాను. ఏ ముక్క ఎక్కడ కోసినా ఇంకోచోట అతకకుండా, మాటలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేలా చెప్పాను. సేటు వినడానికి రాలేదు. ఎప్పుడూ వినలేదు ఆయన. పెన్‌డ్రైవు నేరుగా ఆటోకు ఎక్కింది.

శనివారం పొద్దున కూరగాయల బండి దగ్గర నిలబడ్డాను. బెండకాయలు ఏరుతున్నట్టు నటిస్తున్నాను. ఆటో సందులోకి తిరిగింది.

"అమ్మా, అక్కా, అన్నా, జర వినుండ్రి. గా నాలుగంతస్తుల దుకాణం రేపటితోని బంద్ అయితున్నది. నిజంగ బంద్. ఇన్నేండ్లు ఈ రోజే ఆఖరని చెప్పిన్రు, గా మాట అబద్ధం. గది నమ్మి పనులిడ్సిపెట్టి, ఎండల లైన్ల నిలవడ్డోళ్లకు మాఫీ అడుగుతున్నం. ఇప్పుడు ఉరుకులాడకుండ్రి. మీ పని చూసుకొని, తీరికున్నప్పుడే రాండ్రి. అవసరమున్నదే కొనుండ్రి. లేకపోతే ఇంట్లనే ఉండుండ్రి, ఏం గాదు."

ఆమె చేతిలో తక్కెడ ఆగిపోయింది. ఆటో మలుపు తిరిగే దాకా చూసింది.

"విన్నవా సారూ?" అంది. "ఎవరో గని మంచాయన. తప్పయిందని చెప్పిండు సూడు. నీ లెక్క కాదు."

"అవును, చాలా బాగా చెప్పారు," అన్నాను.

"పొద్దుమీకి, బండి కట్టేసినంక, పోయి సూసొస్త. బకెట్టు పగిలింది. గాయన చెప్పినంక పోవాలె గద." రెండు బెండకాయలు గిల్లి చూసి, ముదురువి పక్కన పడేసి, లేతవి నా సంచిలో వేసింది. పదేళ్లలో అది మొదటిసారి.

జేబులో ఫోను మోగింది. సేటు.

"సార్, ఏంది సార్ ఇది! అవసరమున్నదే కొనుమంటరా? ఇంట్లనే ఉండుమంటరా? దండం పెడ్త సార్, గిప్పుడే స్టూడియోకు రాండ్రి. ఇంకొక్కసారి మంచిగ చెప్పుండ్రి, ఒక్కటంటే ఒక్కసారి!"

నేను గొంతు సవరించుకున్నాను. నిటారుగా నిలబడ్డాను. పొద్దున పూట కోయిలను ఎక్కడో లోపలి నుంచి పైకి తెచ్చి, నా సొంత రచనను చివరిసారిగా చదివాను.

"ఈ అవకాశం మళ్ళీ రాదు!"

ఫోను కట్టేశాను. బండి మీద తక్కెడ ఠంగున దిగింది.

"అగో," అంది ఆమె, "మళ్ల మొదలువెట్టినవా!"